చేటెడు తవుడిచ్చి కొన్న రోబో

పోయిన నెలలో గుంటూరులో ఒక స్కూలువాళ్ళు పిల్లల రోబోల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. నేనంటే గౌరవం ఉండి పిలిచారో, రావలసిన పెద్దమనిషికి జ్వరమొచ్చి పిలిచారో తెలియదు గానీ, మెడలో వేసిన కార్డు మీద ఎవరి పేరో ఉంటే దానిమీద తెల్లకాగితం అంటించి నా పేరు రాశారు కాబట్టి రెండోదే నిజమని నా అనుమానం. అయినా వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళుగా ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నదాన్ని, ఎక్కడ నలుగురు పిల్లలు కనిపించినా మార్కులు వెయ్యాలనిపించే జబ్బు ఒకటి పట్టుకుంది. ప్రతి జట్టూ ఒక ఫారం నింపి ఇవ్వాలి. అందులో రెండు గళ్ళున్నాయి: రోబో పేరు, ఆ పేరు ఎందుకు పెట్టారు. నోవా, టైఫూన్, స్టీల్ హాక్, ఆల్ఫా నైన్. తొమ్మిది ఎందుకురా అంటే, ఎనిమిది వేరేవాళ్ళు పెట్టేసుకున్నారు మేడమ్ అన్నాడొకడు. కారణాల గడిలో 'సౌండింగ్ బాగుంది', 'ఓటింగ్ పెట్టుకున్నాం', 'ఇంటర్నెట్‌లో దొరికింది' అని రాశారు. నోవా జట్టు ఆరో తరగతి పిల్లలు మాత్రం 'పేరు పెట్టమన్నారు కాబట్టి పెట్టాం' అని రాశారు. అంత నిజాయితీ నేను పీహెచ్‌డీ పరీక్షల్లో కూడా చూడలేదు.

ఆ నోవా జట్టులో ఉన్న కళ్ళజోడు పిల్లాడు నా మెడలో కార్డు చదివి, "మేడమ్, పుల్లమ్మ అంటే మీ పేరా, మీ ఊరి పేరా?" అని అడిగాడు. పక్కనున్న టీచరమ్మ కళ్ళెర్రజేసింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఇదే ప్రశ్న ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఎవరైనా అడిగి ఉంటే, కాలేజీ మానేసి ఇంటికి వెళ్ళిపోయి మిరప మొక్కలకు నీళ్ళు పెట్టుకునేదాన్ని.

మా కాలేజీ నరసరావుపేట రోడ్డు మీద, రెండు పత్తి చేల మధ్య ఉండేది. మా బ్యాచిలో అమ్మాయిల పేర్లు చూస్తే స్వాతి ముగ్గురు, లావణ్య నలుగురు, శిరీష ఇద్దరు, మధ్యలో పుల్లమ్మ ఒక్కతి. మా నాయనమ్మ వయసు ఆడవాళ్ళకు ఉండవలసిన పేరు అది. పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు అనే సామెత ఒకటి ఉండనే ఉంది. చిన్నప్పుడు బడిలో నేను నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళొచ్చినా, ఏం పుల్లమ్మా, వేమవరం వెళ్ళొచ్చావా అనేవాళ్ళు. అందుకే కాలేజీలో చేరిన మొదటిరోజు, హాస్టల్ గదిలో ఎవరో నీ పేరేంటంటే, నోటికొచ్చిన 'పల్లవి' చెప్పేశాను. అదృష్టం కొద్దీ ఇంజనీరింగ్ కాలేజీల్లో హాజరు పేర్లతో పిలవరు, నంబర్లతో పిలుస్తారు. నలభై ఏడు అంటే ప్రెజెంట్ సార్ అనడమే. పరీక్షల్లో హాల్‌టికెట్ బల్లమీద బోర్లా పెట్టుకునేదాన్ని. ఇన్విజిలేటరు తిరగేస్తే పేరు మీద చటుక్కున చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. ఇలా రెండేళ్ళు నెట్టుకొచ్చాను. ఎంత తెలివైనదాన్నో అని నా భుజం నేనే తట్టుకునేదాన్ని.

మూడో సంవత్సరంలో రోబో పిచ్చి పట్టింది. విజయవాడ అవతల ఒక పెద్ద కాలేజీలో రోబోల కుస్తీ పోటీ అని నోటీసు వస్తే ముగ్గురం జట్టు కట్టాం. ఒకడు శేఖర్, చీరాల నేతవాళ్ళ అబ్బాయి. తెగిన వైరు చూస్తే తెగిన పోగు చూసినట్టే బాధపడి, రెండు వేళ్ళతో ముడి వేసేవాడు. ఆ ముడి మళ్ళీ విప్పడం మనుషుల వల్ల కాదు. రెండోవాడు శర్మ, గుంటూరు పురోహితులవారి అబ్బాయి. లెక్కలన్నీ వాడివి. మూడోదాన్ని నేను. నాకు వచ్చిందేమిటంటే ఎవరినైనా ఏదైనా అడిగి తెచ్చుకోవడం. మెకానిక్కులను బతిమాలి పాత లారీ వైపర్ మోటార్లు తెచ్చాను, మా బాబాయి మోపెడ్ బ్యాటరీ తెచ్చాను. అప్పట్లో రిమోట్ అంటే గాలిలో పనిచేసేది కాదు. సబ్బుపెట్టె లాంటి డబ్బాకు నాలుగు స్విచ్చులు, దాన్నుంచి రోబో దాకా పొడుగాటి వైరు, గేదెకు పలుపు ఉన్నట్టు. రోబో ఎటు పోతే అటు ఆ వైరు ఎత్తిపట్టుకుని వెనకాల పరుగెత్తాలి.

ఇంతకీ బండి తయారు కావడానికి ముందే పేరు గొడవ మొదలైంది. పేరు ఇంగ్లీషులో ఉండాలి, వింటే అవతలివాడు భయపడాలి అన్నది అప్పటి రివాజు. మా హెచ్‌ఓడీ గారు చల్లగా వచ్చి, చైర్మన్ గారి తల్లిగారి పేరు పెడితే వెళ్ళిరావడానికి కాలేజీ బస్సు ఇస్తారేమో ఆలోచించండి అన్నారు. రాజరాజేశ్వరమ్మ గారిని గోదాలోకి దింపి గుద్దించడానికి మాకు మనసొప్పలేదు. శేఖర్ 'థండర్' అన్నాడు. అనడమే కాదు, రేకు మీద పసుపు ఎనామెల్‌తో రాసేశాడు. ఆ రంగు ఆరకముందే రిలే స్విచ్చి ఒకటి ఇరుక్కుపోయి మోటారు కాలి, ల్యాబంతా మాడిన వాసన. థండర్ ఆయుష్షు నాలుగు నిమిషాలు.

రెండోదానికి శర్మ అడ్డం పడ్డాడు. ఇలా ఇష్టం వచ్చినట్టు పెడితే ఇలాగే అవుతుంది, శాస్త్రప్రకారం చెయ్యాలన్నాడు. బ్యాటరీ మొదటిసారి కలిపిన సమయమే జన్మసమయం అని పంచాంగం తీసి లెక్కవేశాడు. చిత్తా నక్షత్రం మూడో పాదం, 'రా' అక్షరం వచ్చింది. రాకెట్ అని ఖాయం చేశాం. వాడంతటితో ఊరుకోలేదు. హాస్టల్ మెస్సునుంచి పళ్ళెంలో బియ్యం తెచ్చి, బంగారపు ఉంగరం లేదు కాబట్టి సోల్డరింగ్ ఐరన్ మొనతో పేరు రాసి, కుడిచెవిలో మూడుసార్లు చెప్పాలన్నాడు. "దీనికి చెవేదిరా?" అన్నాడు శేఖర్. చాలాసేపు వాదించుకుని కుడిచక్రం పక్కన బెజ్జంలో చెప్పాం. చెప్పింది బాగా విన్నట్టుంది, రాకెట్ నిజంగానే ముందుకు దూసుకుపోయి ల్యాబ్ బల్ల మీదినుంచి కిందపడి ముక్కలైంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అలా తయారైంది మా పని.

పోటీ ఇంకా పది రోజులుందనగా శివరాత్రి సెలవులిచ్చి ల్యాబుకు తాళం వేశారు. మూడో రోబో సగంలో ఉంది. ఎక్కడైనా చదునైన నేల కావాలి. "మీ ఊళ్ళో మిరప కల్లం ఉందన్నావుగా, అక్కడికి పోదాం" అన్నాడు శేఖర్. మా ఊరు ప్రత్తిపాడుకు నాలుగు మైళ్ళు, అక్కడ మనుషులకే కాదు కుక్కలకు కూడా నా పేరు పుల్లమ్మ అని తెలుసు. కాదనడానికి కారణం దొరకలేదు. ఒకరోజు ముందుగా ఊరికి పరుగెత్తి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను: నా స్నేహితులొస్తున్నారు, వాళ్ళ ముందు నన్ను పల్లవి అని పిలవండి. నాన్న వార్తాపత్రిక వెనకాల నవ్వుకున్నాడు. అమ్మ పొయ్యి దగ్గరికి లేచి వెళ్ళింది. నాయనమ్మ ముక్కుపొడుం డబ్బీ మూత తీసి, పట్టు పీల్చి, తుమ్మి, "ఏందే ఆ పేరు?" అంది. "పల్లవి." "ఎందుకే?" "నా పేరు నాకు సిగ్గుగా ఉంది నాయనమ్మా." ఆవిడ డబ్బీ మూత బిగించింది. "నీ ఇష్టం" అంది. నాకు పోట్లాట తప్పినందుకు సంతోషమే వేసింది గాని, పోట్లాట అంటే ప్రాణం పెట్టే మనిషి ఒక్కమాటతో ఎందుకు ఊరుకుందా అని ఆలోచించలేదు.

మా ఇంట్లో ఆ రోజుల్లో మాఘమాసం వచ్చిందంటే ఇల్లు ఇల్లుగా ఉండేది కాదు. కల్లం నిండా పండుమిరప ఎండుతూ ఉండేది. ఆ ఘాటు దుప్పట్లకు, పాలకు, దేవుడి పటాలకు కూడా పట్టేది. చుట్టాలు వస్తే గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు. కాళ్ళు కడుక్కోండి అని మేం చెప్పేలోపే ముక్కు కడుక్కునేవాళ్ళు. తెల్లారేసరికి నాయనమ్మ గోంగూర నంజుకుని చద్దన్నం తిని, తలగుడ్డ చుట్టుకుని కల్లంలో కూర్చునేది. ఎర్రకాయ ఒకవైపు, రంగుపోయిన తాలుకాయ ఇంకోవైపు వేస్తూ సాయంత్రం దాకా అలాగే. చేతులు మండవా అంటే, మండేది నీలాంటి మెత్తని చేతులకే అనేది. ఎవరింట్లో గేదె ఎప్పుడు ఈనిందో, ఎవరి పెళ్ళిలో ఏ కూర మాడిందో, ముప్పై ఏళ్ళ కిందటి సంగతయినా నిన్నటిదాన్లా చెప్పేది. ఆ జ్ఞాపకశక్తికి ఊళ్ళో సగంమంది భయపడేవాళ్ళు.

శేఖర్, శర్మ మరునాడు బస్సు దిగి తుమ్ముకుంటూ వచ్చారు. నాయనమ్మ ఎంత శ్రద్ధగా మాట నిలబెట్టుకుందంటే నాకే ఇబ్బంది అయింది. "పల్లవీ, పంతులుగారబ్బాయికి మజ్జిగ ఇయ్యవే." "పల్లవీ, ఆ తాడు తియ్యవే." మాటకు ముందొకటి, వెనకొకటి. కొత్త చెప్పులు వేసుకున్నవాళ్ళు నడిచినట్టు ఆ పేరును పట్టి పట్టి పలికేది. పలికినప్పుడల్లా కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్ళొచ్చేది. వయసు కదా, మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోందేమో అనుకుని నేను పట్టించుకోలేదు.

మేం కల్లంలో ఒక మూల ఊడ్చుకుని రోబో బిగిస్తున్నాం. నాయనమ్మ కాయలు ఏరుతూనే అడిగింది.

"ఎన్నోదయ్యా ఇది?"

"మూడోదండి మామ్మగారూ" అన్నాడు శర్మ.

"ముందు రెండూ ఏమైనయ్యి?"

"పోయాయండి. ఒకటి కాలిపోయింది, ఒకటి పడిపోయింది."

ఆవిడ చెయ్యి ఆగింది. "రెండూ పోయినయ్యా? వాటికేం పేర్లు పెట్టారు?"

శేఖర్ చెప్పాడు. థండర్ అంటే ఉరుమని, రాకెట్ అంటే ఆకాశంలోకి పోయేదని అర్థం కూడా చెప్పాడు.

"పోతానని పేరులోనే చెప్పిందిగా, ఇంకెందుకుండిద్ది? మరి దీనికి?"

"విక్టరీ అనుకుంటున్నాం నాయనమ్మా. గెలుపు అని" అన్నాడు శేఖర్.

"ఇంకా తిరగనే లేదు కదరా! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట." కాయల చేట పక్కన పెట్టింది. "ఇదిగో అబ్బాయిలూ, నా మాట ఇనండి. రెండు పోయినాక మూడోదానికి మంచి పేరు పెట్టకూడదు. మంచి పేరు ఇంటే వాడికి కన్నుకుట్టిద్ది."

"ఎవరికండి?" అన్నాడు శర్మ.

నాయనమ్మ గడ్డంతో దక్షిణం వైపు చూపించింది. యముడి పేరు నోటితో అనే మనిషి కాదు. తలగుడ్డ సర్దుకుని, మావైపు కాకుండా కాయల వైపు చూస్తూ చెప్పింది. "మా బజార్లో ఒక కోడలుండేది. బంగారం లాంటి పిల్ల. ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పురుడు కూడా ఎళ్ళకుండానే. ఒకడు పాకతా పాకతా. మూడోసారి ఆడపిల్ల పుట్టింది, పిల్లికూనంత. దానత్త దాన్ని చేటలో ఏసుకుని దిబ్బ మీదికి తీసకపోయి, ఎంగిలాకుల్లో పొర్లించింది. ఇది మాకక్కర్లేదని ఊరంతా ఇనేటట్టు అరిచి, ఎనక్కి చూడకుండా ఇంటికొచ్చింది. ఎదురింటామె ఎత్తుకుని, నాకు బిడ్డ దొరికింది, కొనుక్కుంటారా అంది. చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నారు. పారేసినదాన్ని, తవుడిచ్చి కొన్నదాన్ని ఎవడు ఎత్తుకుపోతాడయ్యా?"

"బతికిందా మరి?" అన్నాడు శేఖర్. వాడి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"బతక్క? దుక్కలా ఉంది."

"ఏం పేరు పెట్టారు నాయనమ్మా?" అని మళ్ళీ వాడే అడిగాడు.

ఆవిడ నోరు తెరిచింది. నావైపు చూసింది. నేను బ్యాటరీ పట్టుకుని నిలబడి ఉన్నాను, తలెత్తలేదు. "పెద్దదాన్నయ్యా నాయనా" అంది నాయనమ్మ, "గుర్తు లేదు."

గడప దగ్గర అమ్మ మజ్జిగ గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. గ్లాసులు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఊళ్ళో పుట్టిన దూడల పేర్లన్నీ ఒప్పజెప్పే మనిషి, తన చేతులతో దిబ్బమీద పొర్లించిన మనవరాలి పేరు గుర్తు లేదంది, నా కోసం. ఆ పూట ఒక్కమాట అనాల్సింది నేను. అనలేదు. ఈ వయసులో కూడా తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోయినంత సిగ్గు, పేరు గురించి కాదు, ఆ మౌనం గురించి.

శర్మ కాసేపు గింజుకున్నాడు, మా నాన్నగారికి తెలిస్తే ఊరుకోరండి, శాస్త్రంలో ఇలా లేదండి అని. "మీ శాస్త్రం బతికున్నోళ్ళకి నాయనా. ఇది బతికితే చాలనుకునేవాళ్ళకి" అంది నాయనమ్మ. వాడే వెళ్ళి చేట తెచ్చాడు. మేం రోబోను చేటలో పెట్టుకుని ఇంటి వెనక దిబ్బ దగ్గరికి ఊరేగింపుగా వెళ్ళాం. శేఖర్ వైరు పట్టుకున్నాడు. దిబ్బమీద పెట్టి, "ఇది మాకక్కర్లేదు" అని అరవమంది. మొదటిసారి అరిస్తే చాలలేదని మళ్ళీ అరిపించింది. పక్కింట్లోంచి ఎవరో తొంగిచూసి, ఏం అక్కర్లేదే అని అడిగారు కూడా. వెనక్కి చూడకుండా వచ్చేశాం. తరువాత నాయనమ్మే దాన్ని చంకన పెట్టుకుని వచ్చి, "నాకు దొరికింది, కొనుక్కుంటారా?" అని బేరం పెట్టింది. నేను లోపలికి వెళ్ళి గేదెల తవుడు చేటెడు తెచ్చి పోశాను. తవుడు తక్కువగా ఉందని ఇంకో దోసెడు పోయించుకుంది. బేరం బేరమే ఆవిడకు. అప్పుడు దాని పక్కన వంగి, "పెంటయ్యా, పెంటయ్యా, పెంటయ్యా" అంది. కుడిచక్రం పక్కనే, బెజ్జంలోనే. మేం చెప్పకుండానే ఆ చోటు ఆవిడకు ఎలా తెలిసిందో!

స్విచ్చి నొక్కితే పెంటయ్య కదిలాడు. ఎండుమిరప గింజలు పళ్ళచక్రంలో పడి కరకరమంటుంటే అలాగే నములుకుంటూ తిరిగాడు. చక్రాలు లేపిన కారందుమ్ముకు మేం ముగ్గురం ఏడుస్తూ తుమ్ముతుంటే, వాడు నిండు మిరప టిక్కీ ఒకదాన్ని జానెడు దూరం నెట్టుకెళ్ళాడు. నలభై కిలోల బస్తా అది. నాయనమ్మ ఒక చిటికె పొడుం తీసుకుని, "మెల్లగా నాయనా, పడతావు" అంది వాడితో.

పోటీనాడు ఆ పెద్ద కాలేజీ హాలు చూసి మేం గుమ్మంలోనే ఆగిపోయాం. బ్లాక్ కోబ్రా, డిస్ట్రాయర్, అగ్నిజ్వాల; అన్నీ మెరిసే రంగుల్లో, కొన్నింటికి కళ్ళలాగా ఎర్రలైట్లు కూడా. మా పెంటయ్యకు లైటు లేదు, ఇంకా మిరపవాసన వదల్లేదు. శేఖర్ మాత్రం తెలుగు అక్షరాల్లో, చీర అంచులాగా చుట్టూ గీత పెట్టి, పెంటయ్య అని చక్కగా రాశాడు. మైకు పట్టుకున్న కుర్రాడు మా చీటీ చూసి ఆగాడు. "నెక్స్ట్ టీమ్... పెం... ఇది కరెక్టేనా అండీ?" హాలంతా గొల్లుమంది. వాడు ఊరుకోక, "కెప్టెన్ పల్లవిగారు వచ్చి ఈ అద్భుతమైన పేరు వెనక కథేమిటో చెప్పాలని కోరుతున్నాం!" అన్నాడు. మైకు నా చేతికొచ్చింది.

ఏదో ఒకటి చెప్పి దిగిపోవచ్చు. చెత్త ఎత్తే రోబో అండీ అంటే చాలు. కానీ మైకులోంచి నా ఊపిరి నాకే వినిపిస్తుంటే, "గుర్తు లేదు నాయనా" అన్న నాయనమ్మ గొంతు కూడా వినిపించింది. చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు పోయిన సంగతి, చేట, దిబ్బ, మా ఊళ్ళో పుల్లాకులనే ఎంగిలాకులు, తవుడు. నవ్వులు ఒక్కొక్క వరసే తగ్గాయి. "మా రోబోలు కూడా రెండు పోయాయి, అందుకని దీనికి ఈ పేరు" అని ఆగాను. "ఆ పిల్ల పేరు మా నాయనమ్మ గుర్తు లేదంది. అబద్ధం. ఆ పిల్ల పేరు పుల్లమ్మ. నేనే." వెనక వరసలోంచి ఎవడో, "వేమవరం వెళ్ళొచ్చావా పుల్లమ్మా?" అని కేకేశాడు. మళ్ళీ హాలంతా నవ్వులు. ఈసారి నేనూ నవ్వేశాను, కళ్ళనీళ్ళు కారుతుంటే మిరపకారం అనుకుంటారులే అని.

మెట్లు దిగి శేఖర్, శర్మల దగ్గరికి వస్తే ఇద్దరూ తాపీగా వైరు చుడుతున్నారు. మొహాల్లో ఆశ్చర్యం లేదు. "ఏంట్రా, మీకేం అనిపించలేదా?" అన్నాను. శర్మ ఇబ్బందిగా శేఖర్ వైపు చూశాడు. "ఫస్టియర్ నుంచే తెలుసులే" అన్నాడు శేఖర్. "హాల్‌టికెట్ నువ్వు బోర్లా పెట్టావు సరే, నోటీసు బోర్డు మీద రిజల్ట్స్ ఎవరు బోర్లా పెడతారు? నలభై ఏడు, పుల్లమ్మ, ఎనభై ఒక్క శాతం అని అందరికంటే పైన ఉండేది." రెండేళ్ళు క్లాసు మొత్తం నన్ను పల్లవీ పల్లవీ అని పిలిచింది, నా ముచ్చట ఎందుకు కాదనాలని. నా తెలివికి నేను తట్టుకున్న భుజం ఆరోజు బాగా నొప్పి పుట్టింది.

పెంటయ్య గెలవలేదు. అగ్నిజ్వాల మొదటి ఆటలోనే పేరుకు తగ్గట్టు కాలిపోయింది. డిస్ట్రాయర్ తన చక్రాన్ని తానే విరగ్గొట్టుకుంది. మావాడు మూడు ఆటలు నిలిచి, నాలుగో ఆటలో తన వైరు తన కాళ్ళకే చుట్టుకుని బోర్లాపడ్డాడు. తీసి చూస్తే మోటార్లు రెండూ చల్లగా, చక్కగా ఉన్నాయి. సాయంత్రం ఇచ్చిన సర్టిఫికెట్ల మీద నాది పల్లవి అని ఉంటే, కొట్టేసి పుల్లమ్మ అని రాయమన్నాను. ఆ కొట్టివేత ఉన్న కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

రెండో రోజు ఊరికి వెళ్ళాను. నాయనమ్మ కల్లంలో టిక్కీ మూతి కుడుతోంది. "వచ్చావా పల్లవీ? పెంటయ్య బతికున్నాడా?" అంది. ఉన్నాడన్నాను. దబ్బనం పక్కన గుచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచి పెరట్లోకి నడిచింది. అలవాటేగా అనుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "ఆ పేరుతో పిలవమని నువ్వు చెప్పిన కాణ్ణుంచి ఇదే వరస" అంది. "ఏంటమ్మా?" "నిన్ను పల్లవి అన్నప్పుడల్లా దిబ్బ దగ్గరికి పోయి అసలు పేరు మూడుసార్లు పిలిచొస్తంది. ఆ మంచి పేరు వాడు ఇన్నాడేమో, ఇది పుల్లమ్మేరా అని చెప్పి రావాలంట. రాత్రిళ్ళు నిద్రపట్టట్లేదు ముసలామెకి. నీకు చెప్పొద్దంది." పోయిన ఇద్దరు కొడుకుల సంగతి అమ్మ నాతో ఎప్పుడూ అనలేదు, ఆరోజూ అనలేదు. నా వీపు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

పెరట్లోకి పరుగెత్తాను. నాయనమ్మ దిబ్బకు ఎదురుగా నిలబడి, దక్షిణం వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలుస్తోంది. "పుల్లమ్మా!" కాస్త ఆగింది. "పుల్లమ్మా!" మళ్ళీ ఆగి ఊపిరి తీసుకుంది. మూడోసారి "పుల్లమ్మా!" అన్నప్పుడు, "ఏం నాయనమ్మా?" అన్నాను వెనకనుంచి.

ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. "ఏందే, ఇక్కడికొచ్చావు?"

"పిలిచావుగా."

తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుని, కారమే కారం అంది. ఆరోజు నుంచి నాకు పల్లవి అనే పేరు లేదు.

నోవా, టైఫూన్‌లను చూస్తూ కూర్చుంటే ఇదంతా గుర్తొచ్చింది. ఇప్పటి పిల్లల రోబోలు పెట్టెల్లో వస్తాయి, వాటిలో ఫ్యూజులుంటాయి, ఒకటి పోతే ఇంకొకటి రెండు రోజుల్లో ఇంటికే వస్తుంది. అవి పోతాయన్న భయం లేదు కాబట్టి పేరెందుకు పెట్టారంటే బాగుంది కాబట్టి అని రాయగలుగుతున్నారు. తప్పేమీ లేదు. నా కూతురికి నేనూ సంహిత అని పెట్టుకున్నాను, పుట్టిన పిల్ల బతుకుతుందన్న ధైర్యంతో, ఎవరికీ కన్నుకుడుతుందని అనుకోకుండా. అందమైన పేరు పెట్టుకోగలగడం ఎంత భాగ్యమో మా అమ్మకు తెలుసు, నాయనమ్మకు తెలుసు. నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఫారాలను తప్పుపట్టబోయినదాన్ని, మార్కులు కాస్త ఎక్కువే వేశాను.

చివర్లో నోవా ఆట వచ్చింది. అంతకుముందు అది రెండుసార్లు ఆగిపోయింది, రెండుసార్లూ మోటారు మార్చారు. కళ్ళజోడు పిల్లాడు ఏడుపు ఆపుకుంటూ మూడోది బిగిస్తున్నాడు. నేను కుర్చీలోంచి లేచి, చక్రాలు చూస్తున్నట్టు దాని పక్కన వంగి, కుడివైపు బెజ్జం దగ్గర నాయనమ్మ పెట్టిన పేరు మూడుసార్లు చెప్పాను. "దానికేం చెప్పారు మేడమ్?" అన్నాడు పిల్లాడు. ఏం లేదు, నువ్వు స్విచ్చి వెయ్యి అన్నాను. మార్కుల కాగితంలో మాత్రం నోవా అనే రాశాను.